స్టీరింగ్ పట్టిన కొత్తలో

ఇరవై దాటాక కారు నేర్చుకోవడానికి కూర్చున్నవారిలో చాలామందికి మొదటి రోజు అరచేతులకు చెమట పడుతుంది. క్లచ్ మీదున్న ఎడమ కాలు వణుకుతుంది. నోరు ఎండిపోతుంది. పక్క సీట్లోంచి చెప్పే మాట చెవిన పడుతుంది గానీ బుర్రకెక్కదు. అపాయం ఉందని మెదడు అనుకున్న క్షణంలో ఒంట్లోకి అడ్రినలిన్ చేరుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. పామును చూసి పరుగెత్తడానికి పనికొచ్చే ఈ ఏర్పాటు, క్లచ్ పెడల్‌ను కొద్దికొద్దిగా వదలాల్సిన పనికి మాత్రం అడ్డం వస్తుంది. బిగుసుకున్న కాలు పెడల్‌ను ఒక్కసారిగా వదిలేస్తుంది, బండి కుదుపుతో ఆఫ్ అయిపోతుంది, కంగారు రెట్టింపవుతుంది. భయం వల్ల తప్పు, తప్పు వల్ల మళ్లీ భయం. మొదటి వారంలోనే చాలామందిచేత డ్రైవింగ్ మాన్పించేది ఈ గొలుసే. దీన్ని తెంపడానికి గుండె ధైర్యం కన్నా నేర్చుకునే వరుస ఎక్కువ అక్కరకొస్తుంది.

పొలం దగ్గర ట్రాక్టర్ మీద కూర్చునే పద్నాలుగేళ్ల కుర్రాడికి లేని జంకు పాతికేళ్లవారికి ఉండటానికి కారణాలున్నాయి. పెద్దయ్యాక జరగబోయేది ముందే ఊహకొస్తుంది. కారు ఖరీదు తెలుసు, ఇంకా తీరని వాయిదాలు తెలుసు, పేపర్లో చదివిన ప్రమాదాలు గుర్తుంటాయి. నలుగురిలో నవ్వులపాలవుతామన్న బిడియం కూడా వయసుతోపాటే పెరుగుతుంది. కాలేజీ బస్సు, మెట్రో, క్యాబ్‌లతో పెరిగిన నగర యువతకు రోడ్డును ప్రయాణికులుగా చూడటమే తప్ప బండి నడిపేవారి కళ్లతో చూడటం అలవాటు కాలేదు. స్కూటీ గానీ బైక్ గానీ నడిపినవారికి సగం పని అయిపోయినట్టే. ఆటో ఎక్కడ ఆగుతుందో, సందులోంచి ఎవరు దూసుకొస్తారో వారికి ముందే తెలుసు. వారు కొత్తగా నేర్చుకోవాల్సింది కారు వెడల్పు, పెడల్స్, రివర్స్ మాత్రమే.

ఈ భయం పూర్తిగా ఉత్తదీ కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4.61 లక్షల రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1.68 లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ మరణాల్లో దాదాపు 71 శాతం అతివేగం ఖాతాలో నమోదయ్యాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు ముందుకెళ్తుంది. ఎదుట ఏదో అడ్డొచ్చిందని గ్రహించి బ్రేక్ మీదికి కాలు చేర్చేసరికే ఆ దూరం గడిచిపోతుంది. కాబట్టి వేగమంటే భయం ఉండాల్సిందే, అది జీవితాంతం ఉన్నా మంచిదే. పోగొట్టుకోవాల్సింది వేరే భయం: బండి ఆఫ్ అయిపోతుందేమో, వెనకవాళ్లు తిట్టుకుంటారేమో, తనకిది ఎప్పటికీ రాదేమో అన్నది. కొత్తవారికి ఈ రెండూ ఒకటిగా కలిసిపోయి కనిపిస్తాయి. వాటిని విడదీసి చూపించడమే నేర్పేవారి మొదటి బాధ్యత.

ఒకేసారి పది పనులు

ఏ నైపుణ్యమైనా మూడు దశల్లో పట్టుబడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఫిట్స్, మైఖేల్ పోస్నర్ 1967లో వివరించారు. మొదటి దశలో ప్రతి కదలికనూ ఆలోచించి చెయ్యాలి. రెండో దశలో కదలికలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి, తప్పులు తగ్గుతాయి. మూడో దశలో పని దానంతటదే జరిగిపోతుంది, మనసు వేరే విషయాలకు ఖాళీ అవుతుంది. డ్రైవింగ్‌లో మొదటి దశ మరీ ఇరుకైనది. రెండు కాళ్లకు మూడు పెడల్స్, ఒక చేతికి స్టీరింగ్, ఇంకో చేతికి గేరు, కళ్లకు మూడు అద్దాలు, వీటికితోడు ఎదురుగా గేదెలు, ఆటోలు, రాంగ్ సైడ్‌లో వచ్చే బైకులు. ఇన్నిటినీ ఒకేసారి మొయ్యలేక మెదడు తడబడితే దాన్ని భయమనుకుంటారు. భారం తగ్గిస్తే ఆ భయంలో పెద్ద వాటా అప్పటికప్పుడే పోతుంది.

కళ్ల సంగతీ ఇలాంటిదే. రొనాల్డ్ మౌరంట్, థామస్ రాక్‌వెల్ అనే పరిశోధకులు కొత్త డ్రైవర్లూ అనుభవజ్ఞులూ ఎటు చూస్తూ నడుపుతారో పోల్చి 1972లో ఫలితాలు ప్రచురించారు. కొత్తవారి చూపు బానెట్‌కు దగ్గరగా, చిన్న పరిధిలో తిరుగుతుంది, అద్దాలవైపు తక్కువగా వెళ్తుంది. అనుభవమున్నవారి చూపు దూరంగా, విశాలంగా పరుచుకుంటుంది. దగ్గరగా చూసేవారికి ప్రతిదీ ఉన్నట్టుండి ముందుకొచ్చి పడినట్టు అనిపిస్తుంది, కాబట్టి ఉలిక్కిపడుతూనే ఉంటారు. చూపును రోడ్డు చివరిదాకా సాగదీస్తే స్టీరింగ్ వంకరలు పోవడం కూడా తగ్గుతుంది. దీనికి మంచి సాధన ఒకటుంది. కనిపించిందల్లా పైకి చెప్పుకుంటూ నడపడం: ముందు ఆటో స్లో అవుతోంది, ఎడమ సందులోంచి బైక్ వస్తోంది, ఎవరో బస్సు దిగుతున్నారు. బ్రిటన్ పోలీసు డ్రైవర్ల శిక్షణలో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మాట బయటికొస్తున్నంతసేపు ఊపిరి బిగబట్టడం కుదరదు. కంగారుపడేవారికి అది అదనపు మేలు.

పక్క సీటు

నేర్చుకునేవారి భయం ఎంతవరకు పెరుగుతుంది, ఎంత తొందరగా తగ్గుతుంది అన్నది చాలావరకు పక్క సీట్లో కూర్చున్న మనిషి చేతిలో ఉంటుంది. లెర్నర్ లైసెన్సుతో నడిపేటప్పుడు డ్రైవింగ్ లైసెన్సున్న వ్యక్తి పక్కన ఉండాలని, అవసరమైతే బండిని అదుపు చెయ్యగలిగేలా లేదా ఆపగలిగేలా కూర్చోవాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 చెబుతున్నాయి. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ‘ఎల్’ బోర్డు తప్పనిసరి. మన ఇళ్లలో ఆ పక్క సీటు నాన్నకో, అన్నయ్యకో, భర్తకో దక్కుతుంది. వీరికి నడపడం బాగా వచ్చు, నేర్పడం వచ్చని నమ్మకం లేదు. ఏళ్ల తరబడి నడిపి మూడో దశకు చేరినవారికి మొదటి దశలో ఏం జరుగుతుందో గుర్తుండదు. అందుకే “అంత సింపుల్ దానికి ఇంత కంగారేంట్రా” అంటారు. “బ్రేక్! బ్రేక్!” అని అరుస్తారు. అరుపు విన్న కాలు ఏ పెడల్ మీదుంటే దాన్నే తొక్కుతుంది.

అమ్మాయిలకు ఈ బాధ ఇంకొంచెం ఎక్కువ. స్కూటీ కొనిచ్చిన ఇంట్లోనే కారు తాళాలు మాత్రం తమ్ముడి చేతికి వెళ్తాయి. తమ్ముడు బంపర్ గీరితే అది నేర్చుకోవడంలో భాగం, అక్క గీరితే ఆడవాళ్ల డ్రైవింగ్ అనే మాట. ఇలాంటి మాటలు పడుతూ పెరిగినవారికి మొదటి తప్పే ఆఖరి రుజువులా కనిపించడంలో వింతేమీ లేదు. పక్కన కూర్చునేవారు చెయ్యాల్సింది చాలా కొద్ది. చెప్పేది ముందుగా చెప్పాలి: “ఆ గుడి దాటాక ఎడమకి తిరుగుదాం, ఇప్పుడే సెకండ్ గేర్ వెయ్యమ్మా.” మలుపులోకి వచ్చాక చెబితే అది పాఠం అవ్వదు, కేక అవుతుంది. తప్పు జరిగితే బండి పక్కకు ఆపాకే దాని గురించి మాట్లాడాలి. ఇంట్లోవారికి ఈ ఓపిక లేదని తెలిస్తే డ్రైవింగ్ స్కూలుకు వెళ్లడమే అందరికీ మంచిది.

స్కూల్ సంగతికొస్తే, సొంత కార్ల శిక్షణ కనీసం 21 రోజులు ఉండాలని, అందులో స్వయంగా నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. శిక్షణ కారులో డ్యుయల్ కంట్రోల్ ఉండాలి, అంటే నేర్పేవారి కాళ్ల దగ్గర కూడా పెడల్స్ ఉండాలి. భద్రతకు ఇది ఎంతో అవసరం. కానీ చాలామంది భయం పోకపోవడానికి మూలం కూడా ఇక్కడే ఉంది. మొదటి రోజే మెయిన్ రోడ్డు ఎక్కిస్తారు. క్లచ్, బ్రేక్ మాస్టారి కాళ్ల కింద, నేర్చుకునేవారి చేతిలో స్టీరింగ్ ఒక్కటే. బండి ఎక్కడా ఆఫ్ అవ్వదు, కోర్సు హాయిగా గడిచిపోతుంది. తర్వాత ఇంటి కారులో కూర్చుని తాళం తిప్పగానే బండి ఎగిరిపడుతుంది. ఫీజు కట్టినా ఏమీ రాలేదని, తప్పు తనదేనని కుంగిపోతారు. నిజానికి ఆ రోజుల్లో క్లచ్ నేర్చుకుంది మాస్టారి కాలే. చేరేముందే అడగాల్సినవి రెండే ప్రశ్నలు: ఖాళీ స్థలంలో ఎన్ని రోజులు నేర్పుతారు, అన్ని పెడల్స్ పూర్తిగా ఎప్పుడు అప్పగిస్తారు. మొహమాటపడకుండా “సార్, ఈ మలుపులో మీ కాళ్లు పక్కకు పెట్టుకోండి, నేనే చేస్తాను” అని అడగగలిగినవారు తొందరగా గట్టెక్కుతారు.

హాఫ్ క్లచ్

మాన్యువల్ కారులో కొత్తవారి భయానికి నడిబొడ్డు క్లచ్. దాన్ని మిగతా పనులనుంచి విడదీసి, ట్రాఫిక్ లేని చోట, దాని ఒక్కదాన్నే నేర్చుకోవాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, వరంగల్ శివార్లలో ఇళ్లింకా లేని రియల్ ఎస్టేట్ వెంచర్ల తారు రోడ్లు ఖాళీగా పడి ఉంటాయి. సెలవు రోజున కాలేజీ మైదానమో, సీజన్ కాని రోజుల్లో మార్కెట్ యార్డో అనుమతితో దొరికినా సరిపోతుంది. ముందు ఇంజిన్ ఆన్ చెయ్యకుండానే సీటు సరిచేసుకోవాలి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. మడమ నేలకు ఆనుకుంటే కాలి వణుకు సగం తగ్గుతుంది.

చదునైన చోట ఇంజిన్ ఆన్ చేసి, బ్రేక్ మీద కుడి కాలు ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేర్ వెయ్యాలి. ఆపైన క్లచ్‌ను మెల్లగా, పెడల్ కదులుతోందా లేదా అన్నంత మెల్లగా వదలాలి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కాస్త పైకి లేచినట్టవుతుంది, సన్నటి వణుకు పాదానికి తెలుస్తుంది. డ్రైవర్లు హాఫ్ క్లచ్ అనేది అక్కడే. కాలిని అక్కడే నిలిపి బ్రేక్ వదిలితే యాక్సిలరేటర్ తొక్కకుండానే కారు నడక వేగంతో కదులుతుంది. మళ్లీ క్లచ్ తొక్కి, బ్రేక్ వేసి ఆపాలి. ఆ రోజుకు ఇదొక్కటే, కాలు అలసిపోయేదాకా. ప్రతి కారుకూ ఆ బిందువు ఒకే ఎత్తులో ఉండదు. స్కూలు కారులో వచ్చినది ఇంటి కారులో రాలేదంటే నైపుణ్యం పోయినట్టు కాదు, పాదం కొత్త చోటు వెతుక్కుంటోందని అర్థం.

తర్వాతి గండం ఎడమవైపు అంచనా. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటారు కాబట్టి ఎడమ టైరు ఎక్కడుందో కనిపించదు. నేర్పేవారు దీన్ని లెఫ్ట్ జడ్జిమెంట్ అంటారు. ఖాళీ నీళ్ల సీసాను నేల మీద పడుకోబెట్టి ఎడమ ముందు టైరుతో దాన్ని నలిపే ప్రయత్నం చెయ్యడం దీనికి తేలికైన సాధన. మొదట్లో మూర దూరం తప్పుతుంది, తర్వాత జానెడు. సీసా చప్పుడు చేస్తూ నలిగిన క్షణాన కారు అంచు ఒంటికి తెలిసొస్తుంది. ఇరుకు సందులో పార్క్ చేసిన బైకుల పక్కనుంచి వెళ్లేటప్పుడు పుట్టే వణుకుకు దీనికి మించిన మందు లేదు.

ఈ రెండూ వచ్చాకే రోడ్డు. అందులోనూ వరుస ఉంది. ఆదివారం తెల్లవారుజామున కాలనీ వీధులతో మొదలుపెట్టాలి. మన ట్రాఫిక్ ఎడమవైపు నడుస్తుంది కాబట్టి ముందు ఎడమ మలుపులు, అవి కుదిరాక ఎదురుగా వచ్చే వాహనాలను దాటుకుంటూ వెళ్లాల్సిన కుడి మలుపులు, ఆ తర్వాతే యూ టర్నులు. భయాన్ని ఇలా మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టు మీద గుండె దడ తగ్గాకే పై మెట్టు ఎక్కించడమనే పద్ధతిని మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో వివరంగా రూపొందించారు. ఇందులో రెండు తప్పులు మామూలు. ఒకటి మెట్లు దూకడం, అంటే మూడో రోజే సాయంత్రం రద్దీలోకి వెళ్లడం. రెండోది మొదటి మెట్టు మీదే ఉండిపోవడం, అంటే నెలలు గడిచినా కాలనీ దాటకపోవడం. తప్పించుకున్న ప్రతిసారీ తాత్కాలికంగా హాయిగా ఉంటుంది, తర్వాతిసారి భయం ఇంకాస్త పెద్దదై కనిపిస్తుంది. రోజూ అరగంట నడిపేవారు వారానికోసారి మూడు గంటలు నడిపేవారికన్నా ముందుంటారు.

వెనక హారన్

సిగ్నల్ పచ్చగా మారీ మారకముందే వెనకనుంచి హారన్లు మోగడం మన నగరాల్లో మామూలే. ఆ క్షణంలో బండి ఆఫ్ అయితే కొత్తవారికి ప్రాణం పోయినట్టవుతుంది. అప్పుడు చెయ్యాల్సిన పనులు ఖాళీ స్థలంలోనే, కళ్లు మూసుకున్నా చెయ్యగలిగేంతగా అలవాటవ్వాలి: బ్రేక్, క్లచ్ పూర్తిగా, తాళం, ఫస్ట్ గేర్, హాఫ్ క్లచ్. ఇదంతా కొన్ని సెకన్ల పని. కావాలనే ఇంజిన్ ఆఫ్ చేసుకుని మళ్లీ కదలడం సాధన చేస్తే ఆఫ్ అవ్వడమన్నది ఘోరంలా అనిపించడం మానేస్తుంది. ఎత్తు మీద అయితే హ్యాండ్ బ్రేక్ లాగి, హాఫ్ క్లచ్ తగిలాక కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించాలి. బండి వెనక్కి జారదు.

అందరూ తననే చూస్తున్నారన్న భావన మీద థామస్ గిలోవిచ్ బృందం అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం 2000లో వెలువడింది. సిగ్గుగా అనిపించే బొమ్మ ఉన్న టీషర్టు వేయించి విద్యార్థులను ఒక్కొక్కరిగా నలుగురున్న గదిలోకి పంపారు. గదిలో ఉన్నవారిలో దాదాపు సగం మంది దాన్ని గమనించి ఉంటారని వేసుకున్నవారు లెక్కవేశారు. నిజంగా గమనించింది అందులో సగమే. హారన్ కొట్టినవారు కూడా మరో సిగ్నల్ దాటేసరికి ఆ కారును మర్చిపోతారు. గుర్తుపెట్టుకుని ఇంటికి మోసుకెళ్లేది నడిపినవారొక్కరే.

స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకున్నామని గమనించగానే పట్టు సడలించి, ఊపిరి పీల్చినదానికన్నా ఎక్కువసేపు బయటికి వదలడం దడను తగ్గిస్తుంది. చిన్న గీతో, ఎవరితోనో మాటామాటో జరిగితే బండి పక్కకు ఆపి కుదుటపడి, వీలైతే ఆ రోజే మరో కాసేపు ఖాళీ రోడ్డు మీద నడిపి ఇల్లు చేరడం మేలు. లేకపోతే ఆ చివరి జ్ఞాపకమే రాత్రంతా పెరుగుతుంది. కారు ఎక్కాలన్న ఆలోచనకే ఊపిరి ఆడకపోవడం, పాత ప్రమాదం కళ్లముందు మెదలడం, నెలలు గడిచినా తగ్గకపోవడం ఉంటే మానసిక వైద్యులను కలవాలి. ఇలాంటి భయాలకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా పనిచేస్తుంది. కంగారు తగ్గుతుందని మందుల షాపులో మత్తు కలిగించే మాత్ర అడిగి వేసుకుని స్టీరింగ్ పట్టడం మాత్రం ప్రాణాంతకం.

గేర్ల బాధ లేని కార్లు కూడా ఒక దారి. 2014లో మారుతి సెలెరియోతో తక్కువ ధరలో ఏఎంటీ, అంటే క్లచ్, గేర్ల పని దానంతటదే జరిగే ఏర్పాటు, వచ్చాక మధ్యతరగతికి ఆటోమేటిక్ అందుబాటులోకి వచ్చింది. క్లచ్ లేకపోతే మెదడు మీద భారం బాగా తగ్గుతుంది, చూపంతా రోడ్డు మీదే నిలుస్తుంది. ఎడమ కాలికి పని లేదు, దాన్ని బ్రేక్ మీదికి రానివ్వకూడదు. రెండు పెడల్స్‌కూ కుడి కాలే. మాన్యువల్ వస్తేనే డ్రైవింగ్ వచ్చినట్టన్న మాట పట్టించుకోనక్కర్లేదు.

పరీక్ష, ఆ తర్వాత

లెర్నర్ లైసెన్సు పరీక్షలో 60 శాతం ప్రశ్నలకు సరైన జవాబిస్తే చాలు. ఆ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాక డ్రైవింగ్ పరీక్షకు స్లాట్ తీసుకోవచ్చు. కానీ తొందరపడనక్కర్లేదు, గడువు ఉన్నంతవరకు సాధన చేసుకోవచ్చు. ఆర్టీఏ ట్రాక్ మీద ఎక్కువమందిని కంగారుపెట్టేది రివర్స్‌లో వెళ్లాల్సిన హెచ్ ట్రాక్. అక్కడ వేగానికి మార్కులుండవు. హాఫ్ క్లచ్‌తో నడక వేగంలో, రెండు అద్దాలూ చూసుకుంటూ వెళ్లినవారు గట్టెక్కుతారు. తప్పితే 7 రోజుల తర్వాత మళ్లీ రావచ్చని, వరసగా మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలని మోటారు వాహనాల చట్టం, 1988 చెబుతోంది. తప్పడమన్నది చట్టం ముందే లెక్కలో పెట్టుకున్న మామూలు విషయం. దళారికి డబ్బిచ్చి పరీక్ష దాటేసేవారి చేతికి కార్డు వస్తుంది, భయం మాత్రం అలాగే మిగులుతుంది.

పైచదువులకు అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థుల్లో చాలామంది కారు నేర్చుకునేది అక్కడికి చేరాకే. బస్సులు అంతంతమాత్రంగా ఉండే ఊళ్లలో కారు లేనిదే సరుకులు కూడా తెచ్చుకోలేరు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, బండి నడిచేది రోడ్డుకు కుడివైపు. వెళ్లేముందు ఇక్కడ పెడల్స్, చూపు, అంచనా నేర్చుకున్నవారికి అక్కడ మార్చుకోవాల్సింది దిశ ఒక్కటే అవుతుంది. వారికి కొత్తగా ఎదురయ్యే భయం ఫ్రీవేలో కలవడం. ఫ్రీవేలోకి చేర్చే దారిలోనే మిగతా కార్ల వేగాన్ని అందుకోవాలి, జంకి మధ్యలో ఆగిపోవడమే అక్కడ అసలు ప్రమాదం.

లైసెన్సు వచ్చాక పక్క సీటు ఖాళీ అవుతుంది, అణిగిపోయిందనుకున్న బెరుకు కొన్నాళ్లు మళ్లీ తల ఎత్తుతుంది. ఒంటరిగా వెళ్లే మొదటి ప్రయాణం తెలిసిన దారిలో, పట్టపగలు, పార్కింగ్ సులువుగా దొరికే చోటికి పెట్టుకుంటే మంచిది. అది అలవాటయ్యాక రాత్రి. ఎదుటి హై బీమ్ కళ్లలో పడినప్పుడు చూపును రోడ్డు ఎడమ అంచు గీత మీదికి మళ్లించి వేగం తగ్గించాలి. ఆపైన వాన. మొదటి జల్లుకు దుమ్మూ నూనే కలిసి రోడ్డు జారుతుంది కాబట్టి ముందు బండితో దూరం రెట్టింపు చేసుకోవాలి. హైదరాబాద్–విజయవాడ హైవే లాంటివి అనుభవమున్నవారు తోడుండగా, లారీని దాటే ముందు అద్దంలో వెనకా, కళ్లతో ముందూ తీరిగ్గా చూసుకోవడం అలవాటయ్యేలా కొన్నిసార్లు చూసిరావాలి. ఘాట్ రోడ్లు అన్నిటికన్నా చివర. తిరుమలలో ఎక్కే దారి, దిగే దారి వేరు కాబట్టి ఎదుటి వాహనాల బాధ ఉండదు గానీ మలుపులు తక్కువేమీ కావు. దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలు పెట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. అందుకే ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెబుతారు.